మీటరమ్మ పెట్టని సంతకం

నీటి సరఫరా ఆఫీసులో మీటర్లు చూసే ఉద్యోగం కాబట్టి ఆవిడను అందరూ మీటరమ్మ అనేవారు. ఇరవై రెండేళ్ళుగా పొద్దున ఏడింటికల్లా సైకిలెక్కడం, గేటు గేటుకూ దిగడం, ఇనప మూత ఎత్తి టార్చి వేసి అంకెలు రాసుకోవడం ఆవిడ పని. ఏ సందులో ఎంత గుంట ఉందో, ఏ మలుపులో ఇసుక పేరుకుంటుందో, ఏ ఇంటి కారు వెనక్కి చూడకుండా బయటికొస్తుందో ఆవిడకు తెలిసినట్టు ఊళ్ళో ఇంకెవరికీ తెలియదు. మనిషి పొట్టి, గొంతు పెద్దది. కోపం ముక్కు మీదే ఉంటుందని ఆఫీసులో అనుకునేవారు. ఆ మాట చెవిన పడితే దానికీ కోపమొచ్చేది.

ఊరికే వచ్చిన కోపం కాదది. ఉద్యోగంలో చేరిన నాలుగో ఏట, రోడ్డు పక్కన ఆపిన కారులోంచి ఒకాయన వెనకా ముందూ చూడకుండా తలుపు తెరిచాడు. తలుపంచు తగిలి ఆవిడ ఎగిరిపడింది. భుజం దగ్గర ఎముక విరిగింది. ఆయన ముందు తలుపుకు గీత పడిందేమోనని తడిమి చూసుకుని, ఆ తర్వాత ఆవిడ వైపు తిరిగి, "చూసుకుని రావద్దామ్మా" అన్నాడు. చుట్టూ మూగినవాళ్ళూ అదే అన్నారు. ఆసుపత్రిలో కట్టు కట్టినవాడూ అదే అన్నాడు. చూడ్డానికొచ్చిన ఆడపడుచు కూడా కుర్చీలో కూర్చోకముందే అదే అంది.

చెయ్యి మెడకు వేలాడేసుకుని ఇంట్లో కూర్చున్న ఆరు వారాలూ ఆవిడ భర్తను నిలవనియ్యలేదు. ఆయన అచ్చాఫీసులో మిషను నడిపే మనిషి. పలుకు తక్కువ.

"ఆగి ఉన్న బండికి తలుపంత దూరం వదిలి పోవాలని నాకెవరైనా నేర్పారా చెప్పండి."

"నేర్పలేదు."

"మరి తలుపు తీసేముందు వెనక్కి చూడాలని ఆయనకెవరైనా నేర్పారా?"

"నేర్పినట్టు లేదు."

"అయితే తప్పు నాదెలా అయింది?"

ఆయన చెప్పులేసుకుని డ్యూటీకి బయల్దేరాడు.

స్కౌటు పిల్లల జోలికి ఆవిడ వెళ్ళింది ఇంకా చాలా ఏళ్ళ తర్వాత. ఒక ఆదివారం బడి మైదానం పక్కనుంచి పోతుంటే, పదీ పన్నెండేళ్ళ పిల్లలు ఖాకీ చొక్కాలేసుకుని సైకిళ్ళ మీద ఇద్దరిద్దరు ఎక్కి, చేతులొదిలేసి గేటులోంచి ఒక్కసారిగా రోడ్డు మీదికి దూసుకొచ్చారు. స్కౌటు మాస్టారు నీడలో కుర్చీ వేసుకుని సైకిలు తొక్కడం వచ్చిందని ఇచ్చే బ్యాడ్జీల కాగితాల మీద సంతకాలు పెడుతున్నాడు. ఆవిడ సైకిలు గోడకానించి నేరుగా ఆయన మీదికి వెళ్ళింది. గుక్క తిప్పుకోకుండా పావుగంట కడిగేసింది. మాస్టారు మెత్తని మనిషి. అంతా విని, "అంత తెలిసినదానివి, నువ్వే నేర్పకూడదా తల్లీ" అన్నాడు. నోరు మూయించడానికి అన్నాడో, నిజంగానే అన్నాడో ఆయనకే తెలియదు. మరుసటి ఆదివారం ఆరున్నరకు ఆవిడ సుద్దముక్కలూ, ఖాళీ డబ్బాలూ, ఒక స్పానరూ పట్టుకుని మైదానంలో నిలబడి ఉంది.

ఆవిడ పద్ధతి వేరు. మొదటి రెండు వారాలు సైకిలెక్కనిచ్చేది కాదు. ముందు గాలి నొక్కి చూడాలి. ముందు చక్రాన్ని రెండు మోకాళ్ళ మధ్య బిగించి హ్యాండిలు తిప్పి చూడాలి, కదిలిందా, ఆ సైకిలు పనికిరాదు. బ్రేకు పట్టి ముందుకు తొయ్యాలి, చక్రం తిరిగిందా, ఆ సైకిలు పనికిరాదు. పనికిరానిదాన్ని ఎడమ పక్కకు పడుకోబెట్టి, దాని పక్కన నిలబడాలి. ఎవరు రమ్మన్నా కదలకూడదు. ఆ తర్వాతే సుద్దగీత మీద తిన్నగా పోవడం, భుజం మీదుగా వెనక్కి చూసి ఆవిడెన్ని వేళ్ళు చూపిస్తోందో చెప్పడం, ఒక చెయ్యి చాచి మలుపు చూపించడం, అరిచిన చోట ఆగడం. పది వారాలు పట్టేది. పిల్లలు ఆవిడకు బ్రేకుల అత్త అని పేరు పెట్టారు. మూడో ఏట చేరినవాళ్ళలో ఎప్పుడూ బెల్లు కొడుతూ ఉండే ఒక పన్నెండేళ్ళ పిల్ల ఉండేది, దాన్ని అందరూ గంట అనేవారు. నేర్చుకోవడంలోనూ, ఎదురు ప్రశ్నలెయ్యడంలోనూ అదే ముందు.

అలా మూడేళ్ళు గడిచాక, స్కౌటు సంఘానికి కొత్త కార్యదర్శి వచ్చాడు. ఇస్త్రీ మడత చెదరని మనిషి. సంఘం వార్షికోత్సవానికి ఒక ఫర్నిచరు షోరూం యజమాని నలభై కొత్త సైకిళ్ళు ఇస్తానన్నాడనీ, ఆ రోజున నలభైమంది పిల్లలు సైకిల్ బ్యాడ్జీలు పెట్టుకుని పెద్ద రోడ్డు మీద ర్యాలీ చెయ్యాలనీ వచ్చీ రాగానే ప్రకటించాడు.

"ఇంకా మూడు వారాలే ఉంది. వీళ్ళలో పరీక్షకు నిలబడగలిగినవాళ్ళు పదకొండుమంది" అంది మీటరమ్మ.

"పిల్లలే కదమ్మా. ఈ లోపు మీరు కాస్త స్పీడు పెంచండి."

"పెంచితే వాళ్ళ స్పీడు పెరుగుతుంది. బుర్ర పెరగదు."

కార్యదర్శి నవ్వి ఊరుకున్నాడు. ఆ నవ్వుకే ఆవిడకు ఒళ్ళు మండింది.

తర్వాతి గురువారం మధ్యాహ్నం భర్త అన్నం తినడానికి ఇంటికొచ్చి, చేతులు కడుక్కుంటూ మామూలుగా అన్నాడు. "ఇవాళ మీ స్కౌటు సర్టిఫికెట్లు వేస్తున్నాం. నలభై. కింద పరీక్షకురాలు అని నీ పేరే ఉంది."

పరీక్షకు ఇంకా పది రోజులుంది. మీటరమ్మ చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది.

"నలభయ్యా?"

"నలభై. సంతకం కూడా అచ్చులోనే ఉంది. ఏదో పాత కాగితం మీంచి తీసినట్టున్నారు."

"చూసి కూడా మీరు ఊరుకున్నారా?"

"నువ్వే ఇచ్చావనుకున్నాను. ఇవ్వలేదా?"

ఆవిడ అన్నం వడ్డించలేదు. తానూ తినలేదు. "నా భుజం విరిగితే తప్పు నాదన్నారు, సరే. రేపు వీళ్ళలో ఒకడి తల పగిలితే, ఫలానా ఆవిడ అన్నీ చూసి సంతకం పెట్టింది, ఇదిగో కాగితం అంటారు. ఆ తల్లికి నేనేం చెప్పాలి? అచ్చాఫీసులో మా ఆయనే వేశాడని చెప్పనా?"

ఆయన పళ్ళెం పక్కకు జరిపాడు. తర్వాత ఖాళీ కడుపుతోనే లేచి వెళ్ళాడు. సాయంత్రం తిరిగొచ్చి, "నీ పేరూ సంతకమూ తీసేశాను. అక్కడ ఖాళీ గీత ఉంటుంది. వేసినవి చించేశాను" అన్నాడు. అచ్చాఫీసు యజమాని ఏమన్నాడని ఆవిడ అడగలేదు. ఏదో అనే ఉంటాడని ఆయన మొహమే చెబుతోంది. ఆ పూట ఆవిడ ఆయనకు రెండుసార్లు కూర వడ్డించింది.

పరీక్ష ఆవిడ పెట్టినట్టే పెట్టింది. పదకొండుమంది అనుకుంటే పదమూడుమంది గట్టెక్కారు. ఆ పదమూడు పేర్లే రాసిచ్చింది. కార్యదర్శి ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని, మిగిలిన సంతకాలు తానే పెట్టుకుంటాననీ, ఇక ఆవిడ శ్రమ పడనక్కర్లేదనీ అన్నాడు. మాస్టారు పక్కనే నిలబడి నీళ్ళు నమిలాడు.

ఉత్సవానికి ముందు రోజు సైకిళ్ళు వచ్చి బడి హాల్లో వరసగా నిలబడ్డాయి. ఆఫీసు నుంచి వస్తూ మీటరమ్మ లోపలికి తొంగి చూసింది. చూసి నిర్ఘాంతపోయింది. తొమ్మిది సైకిళ్ళకు ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కును వెనకదిక్కుకు తిప్పి బిగించారు. ముందుకు వంగి ఉండాల్సింది వెనక్కి వంగడంతో, మలుపు తిరిగితే చక్రం తొక్కేవాడి పాదానికి తగులుతుంది. కొన్నిటికి బ్రేకు రబ్బర్లు రిమ్మును పట్టుకోవాల్సింది పోయి టైరును రాస్తున్నాయి. మొత్తం మీద పనికొచ్చేవి పదిహేను కూడా లేవు. ఆవిడ నేరుగా స్టేజీ దగ్గరికి వెళ్ళి, తోరణాలు కట్టిస్తున్న కార్యదర్శితో చెప్పింది.

"కొత్త సైకిళ్ళమ్మా ఇవి" అన్నాడాయన.

"కొత్తవే. బిగించినవాళ్ళకు బిగించడం రాదు."

"రేపు ఫొటోలు అయ్యాక చూద్దాం."

"ర్యాలీ అయ్యాకా? ముందా?"

"మీరు ఇంటికెళ్ళండి. దానం చేసిన పెద్దమనిషి ముందు మన పరువు తియ్యకండి."

ఇంటికి వెళ్తూ వెళ్తూ దారిపొడుగునా ఆవిడ ఆ మాటను పళ్ళ మధ్య పెట్టి నమిలింది. పరువు. పిల్లల మోకాళ్ళకూ తలలకూ లేని పరువు సైకిళ్ళకెక్కడిది?

మర్నాడు ఆవిడకు పిలుపు లేదు. అయినా వెళ్ళి, మైదానం కంచె అవతల నిలబడింది. పిల్లలతో ఒక్క మాటైనా మాట్లాడలేదు. సైకిళ్ళు పెద్ద గేటు దాకా వస్తే అడ్డం పడాలి, ఎవరేమన్నా సరే, అని మాత్రం అనుకుంది.

అడ్డం పడాల్సిన పని రాలేదు. కార్యదర్శి ఉపన్యాసం ముగించి, "ఎక్కండి" అన్నాడు. గంట ఎక్కలేదు. ముందు చక్రాన్ని మోకాళ్ళ మధ్య పెట్టి హ్యాండిలు తిప్పింది. బ్రేకు పట్టి తోసింది. చక్రం గిర్రున తిరిగింది. సైకిలును ఎడమ పక్కకు పడుకోబెట్టి, దాని పక్కన చేతులు కట్టుకుని నిలబడింది. పరీక్ష గట్టెక్కిన మిగతా పన్నెండుమందీ అదే చేశారు. వాళ్ళను చూసి తక్కినవాళ్ళూ మొదలుపెట్టారు. కాసేపటికి ఇరవై ఆరు సైకిళ్ళు నేల మీద ఉన్నాయి. ఫొటోలు తీసేవాడు దేన్ని తియ్యాలో తెలియక కెమెరా దించేశాడు.

కార్యదర్శి మొహం కందిపోయింది. కంచె దగ్గరికి పెద్ద పెద్ద అంగలేసుకుంటూ వచ్చాడు.

"ఇదంతా మీరు చేయించిందే కదా."

"అవును" అంది మీటరమ్మ. "పది వారాల నుంచి చేయిస్తున్నాను."

ఈలోపు షోరూం యజమాని స్టేజీ దిగొచ్చి గంట దగ్గర వంగాడు. "ఏమైందమ్మా దీనికి?"

"బ్రేకు పడట్లేదండీ. దానికేమో ఫోర్కు తిరగేసి పెట్టారు. మీరే తోసి చూడండి."

ఆయన తోసి చూశాడు. ఇంకో నాలుగు చూశాడు. గోదాములో మంచాలు దించే కూలీల చేత రెండు రోజుల్లో బిగించేయించానని తనే ఒప్పుకున్నాడు. "మెకానిక్కు కావాలని నిన్న ఒక్కరు చెప్పినా పంపేవాణ్ణి కదా" అన్నాడు కార్యదర్శి వైపు తిరిగి. చెప్పిన మనిషి కంచె అవతలే ఉంది. కార్యదర్శి ఆ వైపు చూడలేదు.

చివరికి పిల్లలు సైకిళ్ళను నడిపించుకుంటూ పెద్ద రోడ్డు దాకా కాలినడకన వెళ్ళొచ్చారు. మర్నాడు పేపర్లో "ఘనంగా స్కౌట్ల సైకిల్ ర్యాలీ" అని పడింది. నలభై సర్టిఫికెట్లూ కార్యదర్శి సంతకంతో పంచిపెట్టారు. వారం తిరక్కుండా మీటరమ్మకు ఉత్తరం వచ్చింది. క్రమశిక్షణకు భంగం కలిగించినందుకు ఇకమీదట ఆవిడ సేవలు సంఘానికి అక్కర్లేదట. ఆవిడ దాన్ని భర్తకు వినిపించి, "భంగం కలిగించింది ఎవరు?" అని అడిగింది. ఈసారి ఆయన వెంటనే, "వాళ్ళే" అన్నాడు.

ఆదివారం పొద్దున స్కౌటు మాస్టారు ఇంటికొచ్చాడు. గుమ్మంలోనే నిలబడి, చెప్పులు విప్పాలా వద్దా అన్నట్టు తటపటాయించాడు.

"నీతో ఒక మాట చెప్పాలి తల్లీ. నాకు సైకిలు తొక్కడం రాదు."

"రాదా?"

"చిన్నప్పుడు నేర్చుకోలేదు. పెద్దయ్యాక సిగ్గేసింది. నువ్వు రాకముందు ఎనిమిదేళ్ళు ఆ బ్యాడ్జీలకు సంతకాలు పెట్టింది నేనే. ఏం చూడాలో తెలియక, ఏదీ చూడకుండా పెట్టాను. మొన్న ఆ పిల్లలు పడుకోబెట్టిన సైకిళ్ళ మధ్య నిలబడితే తల ఎత్తుకోలేకపోయాను."

ఆవిడకు జాలి వేయలేదు. కార్యదర్శి మీద వచ్చినదానికన్నా ఎక్కువ కోపమొచ్చింది. ఆయన తెలియనివాడు. ఈయన మంచివాడు, మంచివాడై ఉండీ ఎనిమిదేళ్ళు నీడలో కూర్చున్నాడు. ఆ సంగతి దాచకుండా మొహం మీదే చెప్పింది. అంతా అయ్యాక మాస్టారు, "ఇప్పుడేం చెయ్యమంటావు" అన్నాడు.

"ఆ ఎనిమిదేళ్ళలో వచ్చిన పిల్లల పేర్లు మీ దగ్గరున్నాయా?"

"రిజిస్టరుంది."

"అందరికీ రాయండి. చూడకుండా సంతకం పెట్టానని రాయండి. మళ్ళీ పరీక్షకు రమ్మనండి."

మాస్టారు తన చేత్తో నూటపాతిక ఉత్తరాలు రాశాడు. మీటరమ్మ నీటి ఆఫీసు పెరడు అడిగి తీసుకుంది. సంఘం పేరు లేదు, సర్టిఫికెట్టు లేదు. గంట తన తోటివాళ్ళందరినీ వెంటబెట్టుకుని అక్కడికే వచ్చేసింది. షోరూం యజమాని తానే మెకానిక్కును పంపి సైకిళ్ళన్నీ సరిచేయించాడు. మాస్టారు మాత్రం ఒక మూల, పెడల్స్ విప్పి సీటు దించిన సైకిలు మీద కూర్చుని, రెండు కాళ్ళతో నేలను తన్నుకుంటూ, చెమటలు కక్కుతూ చుట్లు కొడుతుండేవాడు. నవ్విన పిల్లలను ఆవిడ ఒక్క చూపు చూసేది.

నూటపాతిక మందిలో వచ్చింది పంతొమ్మిది మంది. తక్కినవాళ్ళను తలుచుకుంటే ఆవిడకు ఇప్పటికీ మండుతుంది. వచ్చినవాళ్ళలో ఒకడికి మీసాలొచ్చాయి, ఉద్యోగం కూడా ఉంది. చొక్కా చేతులు మడుచుకుని ధీమాగా సైకిలెక్కి, చూడకుండా ఎడమకు తిప్పేశాడు. మీటరమ్మ చెయ్యెత్తి ఆపింది.

"దిగు నాయనా. నువ్వు ఫెయిలు. వచ్చే ఆదివారం రా."

"ఏడింటికా అత్తా?"

"ఆరున్నరకు."