ఎదటివాడి కోసం ఇన్సూరెన్సు

నా చిన్నప్పుడు మా ఇంటిల్లిపాదీ బతికింది ఒక పాత అంబాసిడర్ టాక్సీ మీద. మా పెదనాన్న దాన్ని టాటానగర్ స్టేషను బయట తిప్పేవాడు. విశ్వకర్మ పూజనాడు దానికి జరిగే ముస్తాబు పెళ్లికూతురికి కూడా జరగదు. ఇన్సూరెన్సు మాత్రం సర్కారు తప్పనిసరి చేసినంతే కట్టేవాడు. మన బండి వల్ల ఎవరికైనా దెబ్బ తగిలితే వాళ్లకు డబ్బు ముట్టేది దానివల్లే, మన బండికి ఏమీ రాదు. సొంత బండికి కూడా కట్టమని మా నాన్న ఎంత చెప్పినా వినలేదు. "బండిని పైడితల్లమ్మ సూసుకుంటాది" అని, ఊరినుంచి తెచ్చిన కుంకుమ స్టీరింగుకి పూసి నిశ్చింతగా ఉండేవాడు.

ఒక వానాకాలం, ఆదిత్యపూర్ నుంచి వస్తూ, స్టేషనులో బేరం పోతుందని తొందరపడి మలుపులో ఒక సైకిలాయన్ని గుద్దేశాడు. ఆయన కాలు నుజ్జయింది. మా బండి స్తంభానికి కొట్టుకుని ముందుభాగం మొత్తం పోయింది. పెదనాన్న పారిపోలేదు. ఆయన్ని రిక్షాలో ఆసుపత్రికి తీసుకెళ్లాడు.

"సైకిలోడే అడ్డొచ్చీనాడని సెప్పీ, లైసెన్సు దక్కుతాది" అని తోటి డ్రైవర్లు నూరిపోశారు. లైసెన్సు పోతే తినేదేమిటని పెద్దమ్మ ఏడ్చింది. నాకూ ఆ అబద్ధమే ముద్దుగా అనిపించింది.

హిందీ చదవడం వచ్చని కోర్టుకి నన్ను వెంట తీసుకెళ్లాడు. అందరి ముందూ చేతులు కట్టుకుని, "గలతీ మేరీ థీ, హుజూర్" అన్నాడు. తప్పు నాదేనని అంత మామూలుగా చెప్పిన మనిషిని నేను అంతకుముందు చూడలేదు.

ఎందుకలా చెప్పావని బయట అడిగాను.

"నా తప్పంటేనే ఆడికి డబ్బులొత్తాయమ్మా. ఇన్నాళ్లూ కట్టింది ఆడికోసమే గదేటి."

ముక్కూ మొహం తెలియని ఒక మనిషి కోసం మా ఇంట్లో ఏటేటా కడుతూ వచ్చారన్నమాట. ఆ మనిషి ఎదురుపడ్డాక పెదనాన్న మొహం తిప్పుకోలేదు.

సైకిలాయనకి ఆలస్యంగానైనా డబ్బు వచ్చింది, పర్సుడీహ్‌లో చిన్న కొట్టు పెట్టుకున్నాడు. మా బండికి మాత్రం పైసా రాలేదు, తుక్కు కింద పోయింది. పెదనాన్న కాంట్రాక్టు పనిలో చేరి బరువులు మోశాడు.

ఇప్పుడు మా పిల్లలు కారుకి ఇన్సూరెన్సు కడుతుంటే, సొంత బండికీ తీసుకోండర్రా, అమ్మవారి మీద అంత భారం వెయ్యకండి అంటాను. కానీ ఆ తప్పనిసరి భాగం దగ్గరకొచ్చేసరికి ఆ లైను ఇప్పటికీ రెండోసారి చదువుతాను. అది ఎవరి కోసమో నాకు తెలియదు. ఆ మనిషి ఎదురైతే మా పెదనాన్నలా నిలబడగలనా అని మాత్రం ఏటా నన్ను నేను అడుగుతాను.