అమ్మ మొక్కుకున్న మౌనం

నా చిన్నప్పుడు మా వాడకట్టు నుంచి ఎవరు అడవిలోని గుండానికి బయలుదేరినా, అంతకు ముందు మా ఇంటి అరుగు మీద రోజుల తరబడి మాటలు నడిచేవి. మాది నేతపనివాళ్ల వీధి. నల్లమల గుట్టలు మాకు దగ్గరే. ఒక గుట్ట ఎక్కి అవతలి లోయలోకి దిగితే, కొండ మీంచి నీళ్లు పడే చోట గుండం, దాని పక్కన లింగం. నడక పెద్దదేమీ కాదు, పొద్దున పోతే మధ్యాహ్నానికి తిరిగి రావచ్చు. అయినా ఎవరు ముందు నడవాలి, పిల్లల్ని ఎవరి మధ్య పెట్టుకోవాలి అని పెద్దవాళ్లు ఒకటికి పదిసార్లు అనుకునేవాళ్లు. ఆ దారిలో రాళ్ల సందుల్లో ఎలుగుబంట్లు ఉండేవి.

మొన్న మా మనవరాలు అదే గుండానికి పోవాలని స్నేహితులతో మా ముందుగదిలో కూర్చుంది. తెలంగాణ వచ్చాక రోడ్డు బాగుపడి గుట్ట కిందిదాకా కార్లు పోతున్నాయి. బూట్లు, నీళ్ల సీసాలు, బిస్కెట్లు, అన్నీ అనుకున్నారు. వాళ్లలో ఒకడు, చప్పుడు చేయకుండా నడుద్దాం, జంతువులు కనబడితే వీడియో తీసుకోవచ్చు అన్నాడు. నాకు ఒళ్లు మండి గట్టిగానే కసిరాను. ముసలిదాని చాదస్తం అనుకుని ఉంటారు. కసురుకుంటే ఎవరి తలకూ ఎక్కదు కనుక, నెమ్మదిగా ఇక్కడ రాస్తున్నాను.

మా తమ్ముడికి నాలుగేళ్లు నిండినా మాట రాలేదు. పిలిస్తే వచ్చేవాడు, మగ్గం చప్పుడు వింటూ నవ్వేవాడు, కానీ అమ్మా అని కూడా అనలేదు. పాలమూరు పెద్ద దవాఖానలో చూపించారు. తాయెత్తులు కట్టించారు. ఏదీ పని చేయలేదు. చివరికి అమ్మ మా వాళ్లలో ఉన్న పాత మొక్కు ఒకటి మొక్కింది. మాట రాని బిడ్డ కోసం తల్లి తన మాటను లింగమయ్యకు అప్పగించడం ఆ మొక్కు. గుట్ట కింద నోరు మూసుకుంటే, బిడ్డ తల మీద గుండం నీళ్లు పడేదాకా తెరవకూడదు. వెంట నడిచేవాళ్లు కూడా మాట్లాడకూడదు. మామూలుగా పోయేవాళ్లు దేవుణ్ని కేకేసి పిలుచుకుంటూ, పళ్లేలు మోగించుకుంటూ పోయేవాళ్లు. ఈ మొక్కు ఉన్నవాళ్లు మాత్రం ఎవరూ ఎదురుపడి పలకరించకుండా తెల్లవారుజామునే వెళ్లేవాళ్లు.

అవ్వ, నాయిన, అమ్మ కూర్చుని అలాగే ఏర్పాటు చేశారు. అది చైత్రమాసం, ఇప్పపూలు రాలే రోజులు. చీకటి ఉండగానే గుట్ట ఎక్కాలి, నాయిన తమ్ముణ్ని భుజాన వేసుకోవాలి, నేను వాడి పొడిబట్టలు పట్టుకోవాలి. నన్నూ తీసుకుపోతున్నారని నాకు ఒకటే సంబరం.

మా పక్కింట్లో ఒక పెద్దమ్మ ఉండేది. మొగుడు పోయాక ఒంటరిగా ఉంటూ మా మగ్గానికి నూలు కండెలు చుట్టిపెట్టేది. కొంగు ముఖం మీంచి తీసేది కాదు. ఆమె కూడా తన బిడ్డకు మాట రావాలని ఇదే మొక్కు మొక్కిందనీ, దారిలో భయపడి అరిచిందనీ, మొక్కు తప్పినందుకు దేవుడే ఎలుగుబంటిని పంపాడనీ మా వీధిలో చెప్పుకునేవాళ్లు. బిడ్డ అక్కడికక్కడే చచ్చిపోయింది. ఆమె బతికింది. ఎవరేమన్నా ఎన్నడూ ఎదురు చెప్పలేదు.

బయలుదేరే ముందురోజు మధ్యాహ్నం ఆమె మా ఇంటికి వచ్చింది. అమ్మ జొన్నరొట్టెలు మూట కడుతోంది. ఏ వేళకు పోతున్నారు, పిల్లవాణ్ని ఎవరు ఎత్తుకుంటారు అని అడిగింది. అమ్మ అంతా చెప్పింది. పెద్దమ్మ నన్నూ తమ్ముణ్నీ దగ్గరకు పిలిచి, ముఖం మీది కొంగు తీసేసింది.

ఒక కన్ను లేదు. ముక్కు సగమే ఉంది. నుదుటి నుంచి దవడ దాకా చర్మం ముడతలు పడి ఒక పక్కకు గుంజుకుపోయింది. నేను అమ్మ వెనక్కి పోయి దాక్కున్నాను. తమ్ముడు మాత్రం కదలకుండా చూస్తూ నిలబడ్డాడు.

"నేను మొక్కు తప్పలే చెల్లె," అంది పెద్దమ్మ. "బండల మలుపు దాంక పెదవి ఇప్పలే. మేమొస్తున్నట్టు గుడ్డెలుగుకు తెల్వలే. ఇప్పచెట్టు కింద పిల్లలతోని ఉండె. మీద పడి, నా సంకల బిడ్డను గుంజినంకనే మొత్తుకున్న. ముందుగాల్నే మొత్తుకుంట పోతే అది పక్కకు పోతుండె."

ఇన్నేళ్లూ ఈ మాట ఎందుకు చెప్పలేదని అమ్మ అడిగింది.

"నన్ను ఎవలడిగిండ్రు?" అంది ఆమె.

ఆమె వెళ్లిపోయాక ఇంట్లో పెద్ద గొడవ జరిగింది. మొక్కు మారిస్తే పిల్లవాడికి ఈ జన్మలో మాట రాదని అవ్వ తెగేసి చెప్పింది. నాయిన మగ్గం గుంటలో దిగి కూర్చున్నాడు కానీ ఒక్క పోగు కూడా నేయలేదు. అమ్మ పొయ్యి ముట్టించలేదు. తమ్ముణ్ని ఒళ్లో పెట్టుకుని వాడి పెదవులు వేలితో తడుముతూ ఏడ్చింది. నోరు మూసుకుని పోతే వాడు దక్కకపోవచ్చు, తెరిస్తే వాడి మాట దక్కకపోవచ్చు. ఆ రెంటిలో ఏది ఎంచుకోవాలో చెప్పేవాళ్లు ఆమెకు ఎవరూ లేరు.

తెల్లారింది. చీకట్లో లేవాల్సిన అమ్మ ఎండ వచ్చేదాకా లేవలేదు. మేం గుట్ట కిందికి చేరేసరికి పొద్దు బాగా ఎక్కింది. అవ్వ అప్పటికే నోరు బిగించుకుని ఉంది. పెద్దమ్మ కూడా మా వెంట వచ్చింది. బిడ్డ పోయాక ఆమె ఆ గుట్ట వైపు రావడం అదే మొదటిసారి. అమ్మ ఒకసారి ఆమెను, ఒకసారి తమ్ముణ్ని చూసింది. "వస్తున్నం లింగమయ్యా," అని అరిచింది. గొంతు పగిలిపోయింది. మళ్లీ అరిచింది. నాయిన అందుకున్నాడు. నేను మూటలోని పళ్లెం తీసి గరిటెతో బాదుతూ నడిచాను.

బండల మలుపు ఇంకా దూరం ఉండగానే, ఇప్పచెట్టు కింద నల్లగా ఏదో కదిలింది. వీపు మీద రెండు పిల్లలతో ఎలుగుబంటి లేచి, మా వైపు ఒకసారి మూతి ఎత్తి, ఎగువకు ఎక్కిపోయింది. దాని గోళ్లకు రాళ్లు దొర్లిన చప్పుడు మాకు వినబడింది. అది కనుమరుగయ్యాక కూడా మేం అరుస్తూనే ఉన్నాం. మలుపులో పెద్దమ్మ ఆగింది. మీరు నడవండి అని చేత్తో చెప్పింది. మేం తిరిగి వచ్చేదాకా ఆ బండల దగ్గరే కూర్చుని, మాకు వినబడేలా కేకలు వేస్తూనే ఉంది. ఆమె బిడ్డ పోయింది అక్కడే.

గుండం నీళ్లు తల మీద పడగానే తమ్ముడు కేరింతలు కొట్టాడు. మేమంతా వాడి నోటి వైపే చూశాం. మాట మాత్రం రాలేదు. ఆ రోజే కాదు, ఆ తర్వాత ఎన్నడూ రాలేదు. అవ్వ పోయేదాకా అమ్మను దెప్పుతూనే ఉంది. మేం కళ్లారా చూసింది చెప్పినా, వాడకట్టువాళ్లు పెద్దమ్మ మాట నమ్మలేదు. మొక్కు తప్పిన ఆడవాళ్లు ఇప్పుడు ఇద్దరయ్యారని అన్నారు. నాకు ఇప్పటికీ కోపమే. ఎవరి మీదైనా నింద పడిందని వింటే, ఆ మనిషిని ఎవరైనా అడిగారా అని నేను ముందు అడుగుతాను. ఆ అలవాటుతో చుట్టాల్లో చాలామందికి చెడ్డదాన్నయ్యాను, పోనీ.

అమ్మ కూడా చివరిదాకా తేల్చుకోలేకపోయింది. మంచాన పడ్డాక ఒకరోజు, నేను నోరు మూసుకుని పోయి ఉంటే వాడికి మాట వచ్చేదేమో కదా బిడ్డా అని అడిగింది. మగ్గం మీద ఉన్న తమ్ముణ్ని పిలుచుకొచ్చి, అమ్మ చేతిని వాడి చేతిలో పెట్టాను. ఆ పెద్ద అరచేతిని ఆమె చాలాసేపు వదల్లేదు.