మందు గొట్టంలో పసుపు

మా షావుకారు వాళ్ళది తరతరాల బెల్లం వ్యాపారం. ఆయన తండ్రికి ఏ బుద్ధి పుట్టిందో గాని, సర్కారు లైసెన్సు తెచ్చి అనకాపల్లిలో తుపాకుల షాపు పెట్టాడు. అందులో నేను పదహారేళ్ళు పనిచేశాను. తుపాకులు అమ్మడం నా పని కాదు. పంటకాపలా లైసెన్సున్న రైతులు పేలిన తూటా గొట్టాలు తెచ్చి ఇస్తే, వాటిని మళ్ళీ నింపడం నా పని.

దానికో చేతి ప్రెస్సు. బల్లకు బిగించి ఉండేది. అడుగున నిప్పు రాజేసే పాత టోపీ ఊడగొట్టి కొత్త టోపీ ఎక్కించాలి, తుపాకిమందు పొయ్యాలి, దాని మీద అడ్డుగా బిరడా దించాలి, పైన గుళ్ళు పోసి మూతి మడవాలి. అన్నిటికీ ఒకే హ్యాండిల్. చూసేవాడికి చెరకురసం బండి కన్నా తేలిగ్గా కనిపిస్తుంది. అందుకే షాపుకొచ్చిన ప్రతివాడూ నాకు సలహా ఇచ్చేవాడు.

హ్యాండిల్ బిగుసుకుంటే దాని మీద బరువంతా వేసి నొక్కమనేవారు. దద్దమ్మలు! బిగుసుకుందంటే లోపల ఏదో అడ్డం ఉందని అర్థం. ఉబ్బిన గొట్టం కావచ్చు, పాత బిరడా ముక్క కావచ్చు. ఆగి చూడాలి. టోపీ సమంగా కూర్చోకపోతే అడుగున మసి ఉన్నట్టు. మూతి మడత విచ్చుకుంటే లోపల సరుకులో తేడా ఉన్నట్టు. ఈ రోగాలన్నీ కంటికి కనిపిస్తాయి కాబట్టి నాకు భయం ఉండేది కాదు.

కనపడనిది ఒకటుంది. మందు సరిగ్గా రాలకపోవడం. మా వైపు గాలిలో ఎప్పుడూ చెమ్మే. ప్రెస్సులో మందు దిగే గొట్టం గోడలకు కాస్త తడి తగిలిందా, మందు అక్కడే పట్టుకుంటుంది. ఆ తూటాలో తక్కువ పడుతుంది. తక్కువ మందు పడ్డ తూటా తుస్సుమంటే జనం నవ్వుతారు. నవ్వడానికేముంది అందులో? గుళ్ళను తొయ్యలేక బిరడా బారెల్ మధ్యలోనే ఆగిపోతుంది. అది చూసుకోకుండా రెండోది పేలిస్తే, దారి మూసుకుపోయిన బారెల్ చేతిలోనే పగులుతుంది. అందుకని రోజూ పొద్దున్నే షట్టర్ ఎత్తగానే ఆ గొట్టం ఊడదీసి పొడిగుడ్డతో తుడిచేవాడిని. టీ కూడా ఆ తర్వాతే.

ఆ సంవత్సరం దసరాకి కూడా ఎప్పటిలాగే ఆయుధపూజ చేశాం. ముందురోజే మందంతా తీసి ఇనప్పెట్టెలో పెట్టేశాను. ఆ మాత్రం జ్ఞానం ఉంది నాకు. షావుకారు పట్టుపంచె కట్టుకుని వచ్చి, పసుపు ముద్దగా కలిపి ప్రెస్సుకి దట్టంగా పూశాడు. హ్యాండిల్‌కి, బల్లకి, చివరికి మందు గొట్టం మూతికి కూడా. దాని మీద కుంకుమ. పైన కొబ్బరికాయ నీళ్ళు చిలకరించాడు.

"షావుకారు గారండీ, గొట్టం దగ్గర వద్దండీ" అన్నాను.

"ఏం, దానికి మాత్రం దేవుడు అక్కర్లేదేటి?" అన్నాడాయన. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

మర్నాడు పొద్దున్నే అలవాటు ప్రకారం గుడ్డ తీశాను. షావుకారు గల్లా దగ్గర నుంచే కేకేశాడు. "ఏటయ్యా, పూజ బొట్టు తుడిచేత్తావా? దానంతటదే రాలాలి. మూడ్రోజులు ఉండనీ."

తప్పంతా ఆయన మీదకి తోసేస్తే నాకు హాయిగానే ఉంటుంది. కానీ అది నిజం కాదు. నేనూ నమ్మినవాడినే. మా ఇంట్లో బండికి పెట్టిన బొట్టు వానకి పోవాలే గాని చేత్తో తుడవం. పూజ చేసినదాన్ని తుడిస్తే పూజ తుడిచినట్టే అని నా ఒంట్లో జీర్ణించుకుపోయింది. గుడ్డ మడిచి పక్కన పెట్టేశాను. తోటల్లో అడవిపందులు పడుతున్నాయని రైతులు తొందరపెడుతున్నారు. ఆ రోజంతా తూటాలు నింపాను. పదింటికొకటి విప్పి మందు తూచాను. తూచినవన్నీ సరిగ్గానే ఉన్నాయి. తూచనివాటి సంగతి నాకు తెలీదు.

వాటిలో ఒక పెట్టె గొలుగొండ వైపు చెరకు రైతు పట్టుకెళ్ళాడు. మా ఇద్దరికీ చుట్టరికం లేదు, అయినా మొదటిరోజు నుంచీ నన్ను బావా అనే పిలిచాడు. నెమ్మదస్తుడు. పందుల్ని చంపడానికి కూడా కాదు, గాల్లోకి పేల్చి తోలడానికే తీసుకెళ్ళేవాడు.

నాలుగో రోజు పొద్దున్న గొట్టం ఊడదీశాను. మూతి నుంచి లోపలికి కారిన పసుపు ఎండి పెచ్చు కట్టింది. దాని మీద మందు మాడిన అట్టులా అంటుకుని ఉంది. షావుకారుని పిలిచి చూపించాను. ఆయన గబగబా అమ్మకాల చిట్టా తీశాడు. ఆ తూటాలు కొన్నవాళ్ళు ముగ్గురే. ఇద్దరు ఊళ్ళోవాళ్ళు, ఫోను చెయ్యగానే పెట్టెలు తెచ్చి ఇచ్చేశారు. మూడో ఫోను గొలుగొండకి. చెరకు రైతు భార్య ఎత్తింది.

"అన్నయ్యా, ఆయన సెయ్యి పోనాది" అంది.

ఆ రోజే తెల్లవారకుండా పందులొచ్చాయని తోటలోకి వెళ్ళాడట. మొదటిది తుస్సుమంది. రెండోది పేల్చాడు.

అనకాపల్లికే తీసుకొచ్చారు. ఆస్పత్రిలో మంచం మీద ఎడమచేతికి మోచేతి దాకా కట్టు. మణికట్టు దగ్గరే కట్టు అయిపోయింది, ఆ తర్వాత చెయ్యి లేదు. నన్ను చూసి లేవబోయాడు. ఆయన లేవబోవడం చూసి నాకు చచ్చిపోవాలనిపించింది.

"అంతా మైల వల్లే బావా" అన్నాడు. "దసరా ముందు మా అత్త పోనాది. ఇంట్లో పండగ లేదు. తుపాకీకి బొట్టు కూడా పెట్టలేదు. పూజ లేని తుపాకీ ముట్టుకున్నాను. ఇది పుట్టింటికెల్లి మైల మోసుకొచ్చింది నా కొంపకి."

ఆయన భార్య మంచం కోళ్ళ దగ్గర నేల మీద కూర్చుని ఉంది. తల్లి పోయి నెల తిరగలేదు, మొగుడికి చెయ్యి పోయింది. ఆ మాట విని తల ఇంకా కిందికి దించుకుంది. పూజ లేక కాదు, మేం చేసిన పూజ వల్లే పేలిందని అప్పుడే చెప్పాల్సింది. చెప్పకుండా వచ్చేశాను.

షాపుకి తిరిగొస్తే షావుకారు లోపలికి పిలిచి తలుపు వేశాడు. "ఆయనే మైల అంటున్నాడు కదా. నువ్వెందుకు నోరు పారేసుకోడం? లైసెన్సు పోద్ది. నీ కూడూ పోద్ది, నా కూడూ పోద్ది" అన్నాడు. నేను బుర్ర ఊపాను. సిగ్గులేని బుర్ర. ఆ మర్నాటి నుంచి గొట్టం రోజుకి రెండుసార్లు తుడిచాను, ఎవరికి మేలు చేద్దామనో!

నాలుగు నెలలు అలా గడిపాను. చెరకు నరికే రోజుల్లో గొలుగొండ వైపు మనిషి ఒకడు షాపుకి వచ్చాడు. మాటల్లో ఆ రైతు సంగతి అడిగాను. "ఆడికేటి, బతికేడు. ఆడి పెళ్ళాం బతుకే సూడలేం. దేవుడి మూలకి రానివ్వడు, విత్తనం ముట్టుకోనివ్వడు. ఊళ్ళో పెళ్ళిళ్ళకి కూడా దాన్ని పిలవటం మానేసేరు" అన్నాడు.

ఆ రోజే తాళంచెవులు షావుకారు బల్ల మీద పెట్టేసి బండి తీశాను.

రైతు వాకిట్లో నులకమంచం మీద కూర్చుని ఉన్నాడు. "రా బావా" అని పక్కకి జరిగాడు. ఆయన భార్య నన్ను చూసి, ఎండలో వచ్చానని మంచినీళ్ళకి లోపలికి వెళ్ళింది. మనిషి సగమైపోయింది. నేను కూర్చోలేదు. నిలబడే అంతా చెప్పేశాను. పసుపు, గుడ్డ, ఎండిన పెచ్చు, షావుకారు మాట, నా భయం. ఏదీ దాచలేదు.

"పూజ సేత్తే పేలిందా?" అన్నాడు.

"పూజకి కాదు బావా. నేను తుడవనందుకు. మైలా లేదు, గీలా లేదు. చెల్లెమ్మ తప్పు ఆవగింజంత కూడా లేదు."

కొడతాడనుకున్నాను. కొట్టాలని కోరుకున్నాను. ఆయన తన కుడిచేతిని ఒళ్ళో పెట్టుకుని దాన్నే చూస్తూ ఉండిపోయాడు.

"ఆస్పత్రిలోనే సెప్పుంటే నిన్ను తిట్టీవోడిని. అక్కడితో అయిపోయీది" అన్నాడు. "ఇప్పుడు నేనేటి సెయ్యాల బావా? ఉన్న ఈ సేత్తో దాన్ని కొట్టేను. ఒక్కసారి కాదు."

గుమ్మంలో అలికిడైంది. ఆవిడ గ్లాసుతో అక్కడే నిలబడి ఉంది. ఎప్పటి నుంచి ఉందో తెలీదు, అంతా విన్నట్టే ఉంది. మెల్లగా నా ముందు దాకా వచ్చింది. నేను చెయ్యి చాపాను.

"నాలుగు నెల్లు, అన్నయ్యా" అంది. గ్లాసు నాకివ్వకుండా లోపలికి తీసుకెళ్ళిపోయింది.