విత్తనాల గదిలో సర్వర్

మా ఇంట్లో అన్నిటికంటే చల్లగా ఉండేది విత్తనాల గది. కంబదూరు దగ్గర మాది పాత మిద్దె ఇల్లు. మూరెడు మందం రాతిగోడలు, పైన మట్టి కప్పు. ఏప్రిల్ ఎండలో వీధిలోంచి వచ్చి ఆ గదిలో అడుగు పెడితే ప్రాణం లేచొచ్చేది. నాయన అందులో వేరుశనక్కాయల మూటలు పెడతాడు. పంట ఎత్తాక మంచి కాయలు ఏరి, ఎండబెట్టి, వేపాకు కలిపి గోనెసంచుల్లో కుట్టి, నేలకు తగలకుండా చెక్కల మీద పేరుస్తాడు. మళ్లీ జూన్‌లో తొలకరి ముంగారు వానలు పడేదాకా ఆ గది తలుపు తీయాల్సిన పని ఎవరికీ ఉండదు.

ఆ గదిలో నేను సర్వర్ పెట్టాను.

నేను కళ్యాణదుర్గంలో ఒక ప్రైవేటు కాలేజీలో కంప్యూటర్ ల్యాబు చూసుకుంటాను. అక్కడ మూలన పడేసిన రెండు కంప్యూటర్లను బతిమాలి తెచ్చుకుని, ఒకదాని భాగాలు ఇంకొకదానికి తగిలించి, నాలుగు హార్డ్ డిస్కులు బిగించి సర్వర్ తయారు చేశాను. ఇలాంటి విషయాల్లో నాకు కొన్ని మొండి అభిప్రాయాలున్నాయి. వినేవాడు దొరికితే ఒక పట్టాన వదలను. నా కూతురి మొదటి అడుగుల వీడియో ఏ దేశంలోనో, ఎవరి గోదాములోనో ఎందుకుండాలి? మా ఇంటిది మా ఇంట్లో ఉండాలి. కరెంటు పోతే పోనీ, వచ్చాక చూసుకుంటాం.

కారు విషయంలో కూడా ఇదే జబ్బు నాకు. నాది పదిహేనేళ్ల నాటి డీజిలు కారు. లోపల తెర లేదు, మాటలు చెప్పదు, బానెట్ ఎత్తితే ఇంజను ఇంజనులా కనపడుతుంది. మా కాలేజీలో ఒక లెక్చరర్ కొత్త కారు కొన్నాడు. ఒకరోజు పొద్దున్నే అది అప్‌డేట్ అవుతున్నానని చెప్పి కదలనంది. పాపం, ఆయన నా కారెక్కి కాలేజీకి వచ్చాడు. ఆ సాయంత్రం నా మొహం చూసి మా ఆవిడ అంది: "ఆయప్ప కారు నిలబడిపోతే నువ్వు పండగ చేసుకుంటాండావే." అబద్ధం చెప్పడం ఎందుకు, చేసుకున్నాను.

రెండేళ్ల కిందట ఎండాకాలం మొదట్లో పిచ్చి ఇంకొంచెం ముదిరింది. ఎవరో వాడి అమ్మేసిన గ్రాఫిక్స్ కార్డు కొని, ఇంటర్నెట్ తీగ పీకేసినా జవాబు చెప్పే ఏఐని ఆ సర్వర్‌లో పెట్టుకున్నాను. అడిగింది ఇల్లు దాటి పోదు, చెప్పేది బయటినుంచి రాదు. కాకపోతే ఆ కార్డు బాగా వేడెక్కుతుంది. ఏసీ పెట్టించే స్తోమత లేదు. అందుకే నాయనను అడిగాను, విత్తనాల గదిలో పెట్టుకోనా అని.

"పెట్టుకోపో, ఆడ చల్లగుండాది" అన్నాడు. "మూటల మీద మాత్రం ఏమీ పెట్టద్దప్పా."

ఆ ఒక్క మాటా తు.చ. తప్పకుండా పాటించాను. మూటల మీద ఏమీ పెట్టలేదు. ఎర్రమట్టి దుమ్ము ఫ్యానుల్లోకి పోకుండా గోడ పైనున్న గవాక్షానికి అట్టముక్క అడ్డం పెట్టి టేపు వేశాను. తలుపు కింద సందులో గుడ్డ కుక్కాను. మిషను ఎంత వేడెక్కుతోందో ఫోనులో గీతగా కనపడేలా ఏర్పాటు చేసుకున్నాను. వేసవి పొడవునా కాలేజీలో కూర్చుని ఆ గీత చూసుకునేవాణ్ణి. గీత హద్దు దాటలేదు, ఫ్యానులు బ్రహ్మాండంగా పనిచేస్తున్నాయని మురిసిపోయాను.

ఆ మూటల్లో ఉన్నదేమిటో ఇక్కడ చెప్పాలి. అది అంగడిలో దొరికే విత్తనం కాదు. నాయన ముప్పై ఏళ్లుగా ఏరుకుంటూ వచ్చిన విత్తనం. వాన నెలరోజులు మొహం చాటేసినా ఆకులు ముడుచుకుని ఓర్చుకుని, ఒక్క తడి తగలగానే లేచి నిలబడే చెట్లను ఆయన చేనులో గుర్తు పెట్టుకునేవాడు. వాటికి గుడ్డపేలిక కట్టి, వాటి కాయలు వేరుగా కోసి దాచేవాడు. మండలంలో సబ్సిడీ విత్తనం ఇస్తారు, చేను బీడు పడే భయం లేదు. కానీ ఈ విత్తనం పోతే మళ్లీ ఎక్కడా దొరకదు. నాయనకు డెబ్బై దాటాయి. ఇంకో ముప్పై ఏళ్లు ఏరే వ్యవధి ఆయనకు లేదు.

ఆ వేసవిలోనే మా ఆవిడ ఫోను నీళ్ల తొట్టిలో పడింది. ఫోటోలన్నీ పోయాయని ఆమె కళ్లనీళ్లు పెట్టుకుంటే, సర్వర్ తెరిచి ఒక్కటి కూడా పోకుండా చూపించాను. ఇంక నన్ను పట్టేవాళ్లు లేరు. ఆ ఆదివారం మధ్యాహ్నం సంగటి తింటూ బ్యాకప్ మీద ఉపన్యాసం మొదలుపెట్టాను. పోకూడదనుకున్నది ఏదైనా మూడు తావుల్లో ఉండాలని, ఒకే డబ్బాను నమ్ముకోకూడదని, మూడింటిలో ఒకటైనా ఊరు దాటి ఉండాలని, అందుకే ఒక డిస్కు కాలేజీ సొరుగులో పెట్టానని గుక్క తిప్పుకోకుండా చెప్పాను. నాయన సంగటి ముద్ద చెనక్కాయల ఊరుబిండిలో అద్దుకుంటూ "ఊఁ" అన్నాడు. నాయన ఊఁ కొడితే విన్నట్టో విననట్టో ఇంతవరకూ నాకు తెలియలేదు.

అదే ఊపులో ఏఐ గొప్పతనం కూడా చూపిద్దామని, వేరుశనగ విత్తనం ఎలా దాచాలో దాన్ని అడిగాను. పొడిగా, చల్లగా, గాలి ఆడే గదిలో ఉంచాలని గ్రాంథికం కలిపి చెప్పింది. "సరిగ్గానే చెప్పినాదే, అయ్యవారు మాదిరి" అన్నాడు నాయన. నా ఛాతీ ఇంత వెడల్పయింది.

విత్తడానికి ముందు నాయన ప్రతి ఏడూ ఒక పరీక్ష చేస్తాడు. మూటల్లోంచి కొన్ని కాయలు తీసి, వొలిచి, నూరు గింజలు తడి గోనెపట్టలో వరసగా పేర్చి చాపలా చుడతాడు. నాలుగు రోజులు నీళ్లు చిలకరించి ఐదోరోజు విప్పుతాడు. ఎప్పుడు విప్పినా తొంభైకి తక్కువ మొలిచింది లేదు. ఆ ఏడాది కాయలు తెచ్చిచ్చింది నేనే, నాయన చీకట్లో వైర్లు తొక్కుతాడేమోనని. లోపల వెచ్చగా అనిపించింది. ఎండాకాలం కదా అనుకున్నాను.

పట్ట విప్పేనాటికి తెల్లవారుజామునే మంచి వాన కురిసి వెలిసింది. మా ఎర్రనేలల్లో వాన తర్వాత విత్తుకు సరిపడే తడి నాలుగు రోజులు నిలిస్తే గొప్ప. దాన్నే పదును అంటాం. వీధిలో అప్పుడే విత్తనాలు వేసే గొర్రులు బయటికి తీస్తున్నారు. నాయన అరుగు మీద కూర్చుని పట్ట విప్పాడు. సగం కూడా మొలవలేదు. మొలవని గింజను వేలితో నొక్కితే మెత్తగా చితికింది. ఆయన మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టాడు.

అప్పుడు నేనన్న మాటలు తలుచుకుంటే ఇప్పటికీ చెంపలు వాయించుకోవాలనిపిస్తుంది. "కాయలు సరిగ్గా ఎండలేదేమో నాయనా" అన్నాను. అంతటితో ఊరుకోలేదు. "వయసైపోయినాది, ఈసారి ఏరేటప్పుడు కండ్లు ఆనలేదేమో" అని కూడా అన్నాను.

నాయన పట్ట పక్కన పెట్టాడు. లేచి విత్తనాల గదిలోకి పోయాడు. కాసేపటికి వచ్చి గడపలో నిలబడ్డాడు.

"లోపల ఉడుకుతాండాది రా."

"మిషను వేడెక్కలేదు నాయనా, ఇదో సూడు" అని ఫోనులో గీత చూపించాను.

ఆయన గీత చూశాడు. "మిషను చల్లగుండాదిలే. దాంట్లోని వేడిని ఆ ఫ్యాను బయటికి తోస్తాండాది గదా. ఆ వేడంతా యాడికి పోతాండాది మరి?"

నేను చదువుకున్న చదువంతా ఆ గడప దగ్గర నిలబడిపోయింది. మూడు నెలలపాటు పగలూ రాత్రీ మూసిన గదిలో పొయ్యి వెలిగించి, గాలి పోయే ఒక్క దారికీ టేపు వేసి, విత్తనాలను నా చేతులతో ఉడకబెట్టాను. చల్లని గదిలో దాచమని ఏఐ చెప్పింది నిజమే. మూటల పక్కన కూర్చుని, వాటిని ఉడికిస్తూ చెప్పింది. అది ఏ గదిలో ఉందో దానికి తెలియదు. నాకు తెలుసు.

"నేనే చంపినాను నాయనా" అన్నాను.

"పెట్టుకోమన్నది నేనే గదా. నాదీ తప్పే" అన్నాడు. తిట్టి ఉంటే బాగుండుననిపించింది. నా మాటలకు ఒక్క మాటైనా తిరిగి అనలేదు. ఆ రోజుకే కాదు, ఇప్పటిదాకా అనలేదు. అందుకు నేను ఆయనకు ఎంత రుణపడి ఉన్నానో చెప్పలేను.

ఆయన ఫోను తీసి నల్లమాడ దగ్గరున్న మా అత్తకు కలపమన్నాడు. అత్త ఆయనకు అక్క.

"అక్కా, నా మూట యట్లుండాది?"

"యట్లుంటాది? పెట్టిన తావునే ఉండాది. ఏమైందిరా?"

"ఈడ ఉడికిపోయినాయి. రేపొచ్చి ఎత్తుకోని పోతాం."

"దానికి అడగల్లనా? పొద్దున్నే బయల్దేరండి. సంగటి చేసి పెడ్తా."

నాయన మూట అత్త ఇంట్లో ఎందుకుందో అప్పుడు గుర్తొచ్చింది. ఏటా పంట ఎత్తాక నాయన ఒక మూటకు ఎర్రదారం కట్టి అత్త ఇంటికి చేరుస్తాడు. ఆమె కూడా ఎర్రదారం కట్టిన మూట ఒకటి మా ఇంటికి పంపుతుంది. పెళ్లయి పోయేటప్పుడు ఆమె పట్టుకుపోయింది కూడా మా విత్తనమే, ఇప్పటికీ వేసేది అదే. ఎవరి ఇంట్లో ఎవరి మూట ఉన్నా, విత్తు వేసేదాకా ముట్టుకోరు. అక్కాతమ్ముళ్ల మురిపెం అనుకునేవాణ్ణి. ఒకే కాయలు అటూ ఇటూ మోయడమెందుకని ఒకసారి నవ్వాను కూడా. ఊరు దాటిన డిస్కు గురించి నాయనకు పాఠం చెప్పింది నేనే.

మర్నాడు తెల్లారగానే కారు తీశాను. ఏసీ పనిచేయక ఏళ్లయింది, అద్దాలన్నీ దించి పోయాం. ధర్మవరం దాటాక నాయన చేలను చూస్తూ ఎవరు విత్తారో, ఎవరు ఇంకా విత్తలేదో చెబుతూ వచ్చాడు. నా దిగులంతా వేరే ఉంది. మా గదిలో ఉడికిన మూటల్లో అత్తది కూడా ఉంది. ఆ సంగతి ఆమెకు ఫోనులో నాయన చెప్పలేదు. చెప్పాల్సింది నేనే.

అత్త వాకిట్లోనే ఎదురొచ్చింది. కారు దిగుతూనే చెప్పేశాను. "నీ మూట గూడా పాడు చేసినానత్తా."

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "ఏమప్పా, రెండూ ఒక్కసారే పోకూడదనే గదా రెండిండ్లలో పెట్టుకొనేది? ఒకటి పోయినాది, ఒకటి ఉండాది. దీనికి మొగం అట్ల పెట్టుకుంటారా? రాండి, చేతులు కడుక్కోండి."

ఆ ఇంట్లో తిన్న సంగటి రుచి నాకు ఇంకా నోట్లోనే ఉంది. వచ్చేటప్పుడు మూటను డిక్కీలో పెట్టబోతే నాయన ఒప్పుకోలేదు. "ఆడ వేడి. వెనక సీట్లో కూర్చోబెట్టు" అన్నాడు. ఎండ తగలకుండా తన తువ్వాలు దాని మీద కప్పాడు. దారి పొడవునా వెనక్కి తిరిగి చూసుకుంటూనే ఉన్నాడు. నా కారు ఆ రోజు ఒక్కసారి కూడా అలగలేదు. ఇల్లు చేరాక దాని బానెట్ మీద చెయ్యి వేసి కాసేపు నిలబడ్డాను. మా ఆవిడ చూసి, ఈసారి మాత్రం ఆటపట్టించలేదు.

ఒక మూట అర ఎకరాకు సరిపోయింది. పదును ఆరకముందే విత్తాం. మిగతా చేనంతా సబ్సిడీ విత్తనమే వేశాం. ఆ అర ఎకరా చుట్టూ నాయన కంది సాలు పెట్టి హద్దు చేశాడు. నడి పంటలో వాన నెల రోజులు ఎగ్గొట్టింది. నేను రోజూ కాలేజీకి పోయే ముందు చేను దాకా పోయి వచ్చేవాణ్ణి. మిగతా చేను వాడిపోతుంటే ఆ అర ఎకరా ఆకులు ముడుచుకుని కాచుకుని ఉంది. తడి తగలగానే లేచింది. ఆ పొద్దు చేను గట్టు మీద కూర్చుని ఏడ్చాను, ఎవరూ చూడలేదు కాబట్టి సిగ్గు లేకుండా ఏడ్చాను.

సర్వర్ ఇప్పుడు వసారాలో మెట్ల కింద ఉంది. ఎండాకాలం మధ్యాహ్నాలు ఆపేస్తాను. గవాక్షానికి వేసిన టేపు నేనే గీకి తీశాను, దాని జిగురు మరక ఇంకా గోడ మీద ఉంది. మా ఇంటిది మా ఇంట్లోనే ఉండాలని ఇప్పటికీ అంటాను. కాకపోతే ఎవరైనా ఇంట్లో సర్వర్ పెట్టుకుంటానని సలహా అడిగితే, వేడి ఎక్కడికి పోతుందని ముందు అడుగుతున్నాను.

ఆ ఏడాది పంట ఎత్తి, కాయలు ఎండాక నాయన అరుగు మీద మూటలు కుడుతున్నాడు. ఎప్పటిలాగే ఒకదానికి ఎర్రదారం కట్టాడు, అత్తకు. తర్వాత ఇంకొకదానికి కూడా కట్టాడు.

"ఇది మీ అత్తగారింట్లో పెట్టిరాపో" అన్నాడు. మా ఆవిడ పుట్టిల్లు వజ్రకరూరు.

"ఎప్పుడూ ఒక్కటే గదా నాయనా బయటికి పంపేది?"

ఆయన దారం పళ్లతో తెంపాడు. "నువ్వే గదరా చెప్తివి ఆ పొద్దు, సంగటి తినేటప్పుడు. మూడు తావుల ఉండల్లని. నాకు రెండే తెలుసు."

మూటను తీసుకుపోయి వెనక సీట్లో కూర్చోబెట్టాను. నా తువ్వాలు తీసి దాని మీద కప్పాను. ఊరు దాటేదాకా నాకు రోడ్డు సరిగా కనపడలేదు.