ప్రింటర్ వచ్చింది, పాల మిషన్ పోయింది

2023 వేసవి. తమిళనాడు ధర్మపురిలోని మా కంప్యూటర్ దుకాణం నుంచి చుట్టుపక్కల పాల కేంద్రాల కంప్యూటర్లు నేనే చూసుకునేవాణ్ణి. అన్నీ లినక్స్‌తో నడిచేవి. లినక్స్‌లో సాఫ్ట్‌వేర్ ప్యాకేజీ అనే మూటగా వస్తుంది. ఒక మూటను పిలిస్తే తనకు కావలసిన ఇంకో నాలుగు మూటల్ని వెంటేసుకుని వస్తుంది. వాటికీ ఉన్నవాటికీ పొసగకపోతే ఉన్నవాటిని బయటికి గెంటుతుంది. గెంటేముందు మాత్రం మర్యాదగా ఒక మాట అడుగుతుంది.

తుంబలహళ్ళి దగ్గర కాంతమ్మక్క పాల కేంద్రం నడిపేది. వాళ్ళదీ మాలాగే ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. ఒక శుక్రవారం పొద్దున కొత్త ప్రింటర్ పెట్టుకుంటానంటే, టైపు చేయాల్సిన ఆదేశాన్ని వాట్సాప్‌లో పంపాను. "మధ్యలో ఏమన్నా అడిగితే ఎన్ కొట్టి నాకు ఫోన్ చెయ్యక్కా" అని మరీ మరీ చెప్పాను. ఎన్ అంటే వద్దు, వై అంటే సరే.

కాసేపటికి ఫోన్ వచ్చింది.

"తమ్ముడా, ప్రింటర్ బాగా ఆడతా ఉంది. పాల మిషన్ లెక్కే కంప్యూటర్లో పడలేదు. ఆడోళ్ళంతా క్యాన్లు పెట్టుకొని నిలబడినారు."

పాల మిషన్ అంటే పాలలో వెన్న ఎంతుందో చూసే యంత్రం. ఆ అంకె కంప్యూటర్లో పడనిదే ట్యాంకర్ డ్రైవర్ పాలు ఎత్తుకోడు. ఆ ఎండకి పాలు మధ్యాహ్నం దాకా కూడా ఆగవు. నేను బండి తీశాను.

వెళ్ళి కేబుల్ మార్చాను, కంప్యూటర్ ఆపి మళ్ళీ వేశాను. ఏమీ లాభం లేదు. తీరా చూస్తే మిషన్‌తో మాట్లాడే ప్రోగ్రామే అందులో లేదు. నాకు మతి పోయింది. పెట్టింది ప్రింటర్, పోయింది పాల ప్రోగ్రాం. ఈ రెంటికీ సంబంధమేమిటి?

"ఎవరన్నా తీసేసినారా అక్కా?"

"ఎవరు తీస్తారు? ప్రింటర్ ఒకటే పెట్టినాము. ఈ పొద్దు పాలు వెనక్కి పోతే రేపట్నుంచి ఒక్కరు కూడా నా దగ్గరికి పాలు తేరు తమ్ముడా. ప్రైవేటోనికి పోస్తారు."

నాకూ భయం వేసింది. గబగబా పాల ప్రోగ్రాం మళ్ళీ ఎక్కించబోయి, చేయి ఆపుకున్నాను. ఆదేశానికి ఎస్ అనే చిన్న అక్షరం తగిలిస్తే సిస్టమ్ ఏ పనీ చేయదు, చేస్తే ఏమవుతుందో చెబుతుంది. దీన్ని సిమ్యులేట్ అంటాం. అలా అడిగితే వచ్చిన జవాబు చూసి ఇంకా తికమకపడ్డాను. పాల ప్రోగ్రాం వస్తే ప్రింటర్ ప్యాకేజీ పోతుందట. రెంటికీ ఒకే లైబ్రరీ, అంటే ప్రోగ్రాంలు పంచుకుని వాడుకునే ఉమ్మడి సామగ్రి, కావాలి. ఒకదానికి పాతది, ఇంకోదానికి కొత్తది. ఒక్క కంప్యూటర్లో రెండూ ఇమడవు.

అంటే పొద్దున కూడా పాల ప్రోగ్రాం తీసెయ్యనా అని ఇది అడిగే ఉంటుంది.

"అడిగిందా అక్కా?"

"అడిగింది. వై కొట్టినాను."

"ఎన్ కొట్టమన్నాను కదా?"

ఆమె నన్ను వింతగా చూసింది. ప్రింటర్ మీద పసుపు, కుంకుమ ఇంకా తడి ఆరలేదు.

"శుక్రవారం పూట, కర్పూరం వెలిగించి, కొత్త సామాను ముందర కూర్చొని మొదట్నే వద్దని ఎట్ల కొడతాను? ఇంట్లో బియ్యం అయిపోతే కూడా లేవు అనము, నిండుకున్నాయి అంటాము. నీకు తెలియదా?"

తెలుసు. మా అమ్మా అంతే.

బయట ట్యాంకర్ హారన్ మోగింది. "అక్కా, ఇప్పటికి ప్రింటర్‌ని తీసెయ్యాల" అన్నాను. బొట్టు పెట్టినదాన్ని పెట్టిన పొద్దే తీయడం ఆమెకు ఎంత కష్టమో ముఖంలోనే కనిపించింది. కిటికీలోంచి క్యాన్ల వరుసను ఒకసారి చూసి, "తీసెయ్ తమ్ముడా" అంది.

ప్రోగ్రాం తిరిగొచ్చింది, అంకెలు పడ్డాయి, చివరి క్యాన్ ఎక్కేదాకా డ్రైవర్ సణుగుతూనే ఉన్నాడు. ఆ తర్వాత పాల ప్రోగ్రామ్‌కి హోల్డ్ వేశాను. అంటే ఇంకేది వచ్చినా దీన్ని కదిలించకూడదని కట్టేయడం. ప్రింటర్‌కి ఆ పాత లైబ్రరీతోనే సర్దుకునే వేరే ప్యాకేజీ తర్వాత వెతికి పెట్టాను.

అంతవరకు నేను అందరికీ చెప్పే పాఠం ఒకటే, చదివి గానీ వై కొట్టొద్దని. కాంతమ్మక్కకు ఆ ఇంగ్లీషు రాదు. వచ్చినా ఆ క్షణంలో ఆమె వద్దు అనదు. ఉత్త ఎంటర్ నొక్కినా సరే అన్నట్టే తీసుకునే ఆ ప్రశ్న ఎవరి కోసం పెట్టారో నాకిప్పటికీ అర్థం కాదు. ఇప్పుడు ఏ కేంద్రంలో ఏది పెట్టాలన్నా పూజకు ముందే నేను సిమ్యులేట్ చేసి, ఏం పోతుందో చూసి, కట్టాల్సినవి కట్టేసి వస్తాను. వాళ్ళు కర్పూరం వెలిగించి, దణ్ణం పెట్టుకుని, నిశ్చింతగా వై కొడతారు.