అలుగు దాటిన చేపలు

చేపలు పట్టేవాళ్లకు వాన చుట్టమని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండుతుంది. అనంతగిరి దగ్గర మా ఊరి చెరువులో వలలు వేసే ఇల్లు మాది. పోయిన ఏడాది వానల్లేక చెరువు అడుగంటింది. వేడెక్కిన బురదనీళ్లలో చేపలు చచ్చి తెల్లగా తేలాయి. ఈ ఏడాది తొలకరికే నీళ్లొస్తే మావాళ్లంతా కలిసి రవ్వ, బొచ్చె చేపపిల్లల్ని వదిలారు. ఎండాకాలం నీళ్లు తగ్గాక పట్టాలి. మా ఏడాది తిండి అంతా ఆ చెరువులోనే ఉంది.

దసరా ముందు ముసురు పట్టి విడవకుండా కురిసింది. చెరువు నిండి, ఎక్కువైన నీళ్లు పోయే అలుగు పారింది. కొత్తనీళ్లు కదిలితే చేప ఒకచోట నిలవదు. అలుగు దాటిందా, ఇక అది ఎవరు పట్టుకుంటే వాళ్లదే. మా దిక్కు రివాజు అది. అందుకే నాయిన అలుగుకు అడ్డంగా వల కట్టాడు.

పొద్దున నేను చాయ్ తీసుకుని పోయేసరికి, ఎగువ నుంచి కొట్టుకొచ్చిన గుర్రపుడెక్క వలకు మందంగా పట్టుకుని ఉంది. పోయే దారి లేక నీళ్లు కట్ట అంచు దాకా ఎక్కాయి. కట్ట కింది ఇళ్లవాళ్లు పిల్లల్ని, మేకల్ని బయటికి తెస్తున్నారు. నాయిన నడుములోతు నీళ్లలో నిలబడి ఆ చెత్త పీకిపారేస్తున్నాడు. పీకినదానికి రెండింతలు వచ్చి పడుతోంది.

"అన్నా, కట్ట తెగుతది! నీ కాళ్లు మొక్కుత, వల కొయ్యి!" అని కట్ట కింద ఇల్లున్న ఒకామె ఏడుస్తూ అరిచింది.

"జర ఆగు చెల్లె," అన్నాడు నాయిన. అంతలోనే కట్ట మీది మట్టి పెళ్లగా జారింది. ఆయన కత్తి తీసి వల కోసేశాడు.

కట్ట నిలబడింది. చేపలు పోయాయి. భయం తీరిన జనం కాసేపటికే చీరలు, దోమతెరలు పట్టుకుని అలుగు కింది వాగులో దిగారు. కేకలు, నవ్వులు, ఫోన్లలో వీడియోలు. ఊరికి జాతర, మాకు దినాలు. నాయిన కట్ట మీద కూర్చుని అంతా చూశాడు. వాళ్ల నోట్లో మన్నుపొయ్య అని నేను పైకే తిట్టాను.

సాయంత్రం, పొద్దున కట్ట కింద ఏడ్చిన ఆమె గిన్నెడు చేపల పులుసు తెచ్చి అమ్మ చేతికిచ్చింది.

"మీ పుణ్యాన ఇల్లు నిలబడ్డది వదినె, తినుండ్రి."

ఆమె మనసులో ఏ పాపమూ లేదు. నాకు అందుకే ఇంకా మండింది. గిన్నె గోడకేసి కొట్టాలనిపించింది. నాయిన ఒక ముక్క చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు.

"ఇంకా ఎదగనే లేదు," అని, తిన్నాడు.

ఇంటికొచ్చిన గిన్నెను ఉత్తగా పంపకూడదు. ఎవరి గిన్నె అయినా మేము ఒక చేప పెట్టి పంపేవాళ్లం. అమ్మ ఆ గిన్నె కడిగి ఇల్లంతా ఒకసారి చూసింది. అటక మీది కుండ దింపింది. ఏడాదంతా చేపల పులుసులకని గింజ తీసి దాచిన చింతపండు మొత్తం ఆ గిన్నెలో కుక్కింది.

"గింత ఎందుకు వదినె?" అంది ఆమె.

"తీస్కపో. చేపలు మీ తాననే ఉన్నయ్ గదా," అంది అమ్మ.