అమ్మ చెప్పిన కడుపునొప్పి

మొన్న బీపీ మాత్రల కోసం నెల్లూరులో ఆసుపత్రికి వెళ్ళి వరుసలో నిలబడితే, నా ముందున్న పిల్ల ఆరోగ్య కార్డు కౌంటరులోకి చాపి, మా నాయనకు తాగుడు మాన్పించే వైద్యం దీని మీద చేస్తారా అని నలుగురూ వినేట్టు అడిగింది. వెనక ఎవరూ నవ్వలేదు. నేను మాత్రం వరుస వదిలేసి బెంచీ మీద కూలబడ్డాను.

మా అన్న కోట అనే ఊరి దగ్గర రొయ్యల గుంటల మీద పనిచేసేవాడు. నీళ్ళలో గాలి తగ్గి రొయ్య పైకి తేలిందంటే పంటంతా పోయినట్టే కాబట్టి, నీళ్ళను చిలికే ఏరేటర్లు ఆగకుండా కాపలా కాయడం అతని పని. ఆ నిద్ర లేని కాపలాలో మొదలైన తాగుడు, రానురాను పొద్దున పళ్ళు తోముకోకముందే గ్లాసు పడితేగాని చేతులు ఆడని స్థితికి వచ్చింది. మీ ఇళ్ళల్లోనూ చూసే ఉంటారు, మన కాలంలో కొన్ని మాటలు పైకి అనేవాళ్ళు కాదు. మా ఇంట్లో తాగుడు అన్న మాట ఎవరి నోటా వచ్చేది కాదు. అబ్బాయికి ఒంట్లో నలతగా ఉంది అనేది అమ్మ, అంతే.

ఒకసారి అన్న కడుపు పట్టుకుని మెలికలు తిరిగిపోతుంటే కార్డు తీసుకుని ఆసుపత్రిలో చేర్చాం. అలవాట్లేమైనా ఉన్నాయా అని డాక్టరుగారు అడిగితే, అన్న నోరు తెరవకముందే అమ్మ, "నా బిడ్డ కాఫీ గూడా తాగడు సార్, ఉత్త కడుపునొప్పే" అనేసింది. పరువు నిలబెట్టానన్న నిబ్బరంతో కొంగు కూడా సర్దుకుంది, పిచ్చితల్లి. వాళ్ళు నమ్మి కడుపుకే వైద్యం మొదలుపెట్టారు.

తాగుడు ఒక్కసారిగా ఆగిపోయేసరికి అన్నకు ఒళ్ళంతా వణుకు పట్టుకుంది. మిట్టమధ్యాహ్నం వార్డులో మంచం మీద లేచి నిలబడి, "ఏరేటర్లు నిలిచిపోయినాయి, రొయ్య పైకొస్తా ఉండాది, ఎవురన్నా పోండి" అని అరిచాడు. నన్ను గుంటల యజమాని అనుకుని దండం పెట్టాడు. ఆ చూపు ఈ రోజుకీ నన్ను వదల్లేదు. ఆ వెంటనే ఫిట్స్ వచ్చి పడిపోతే, వదిన అమ్మను పక్కకు నెట్టి, "దినామూ తాగుతాడు సార్, మా అత్త చెప్పనీలేదు" అని వార్డంతా వినేట్టు ఏడ్చింది. ముందే చెప్పి ఉంటే ఇంతదాకా రానిచ్చేవాళ్ళం కాదని, తాగుడు మాన్పించే వైద్యం కూడా కార్డు మీదే చేస్తామని డాక్టరుగారు తిట్టినట్టే చెప్పారు.

ఆ వైద్యంతో అన్న మళ్ళీ మనిషయ్యాడు. ఇన్నాళ్ళకు కూర రుచి తెలుస్తోందని వదినతో అంటుంటే విని మురిసిపోయాం. అమ్మ మాత్రం ఊరందరికీ కడుపు ఆపరేషనని చెప్పుకుంది. అది నమ్మిన మా మేనమామ, గూడూరులో ఒక పెళ్ళిలో, "ఆపరేషనయి ఏడాదయింది గదరా, ఇంకేంది భయం" అంటూ ప్రేమగా గ్లాసు చేతికిచ్చాడు. ఎందుకు వద్దో చెప్పాలంటే, తల్లి చెప్పింది అబద్ధమని బంధువులందరిలో చెప్పాలి. అన్న చెప్పలేక పుచ్చుకున్నాడు. దాంతో మళ్ళీ మొదలై, ఆ పై వానాకాలం దాటకుండానే పోయాడు. నాకు తెలియదే అని మామ ఎన్నేళ్ళు కుమిలిపోయాడో! ఎవరైనా తెలియనిస్తే కదా?

ఇప్పుడు ఆ మాట అడగడానికి జనానికి నోరొచ్చింది, వింటే సంతోషంగానే ఉంటుంది. కార్డు మాకూ ఉండేది, వైద్యమూ దొరికింది. వద్దు మామా, నేను తాగుబోతుని అని చెప్పుకునే వీలు మాత్రం మా అన్నకు మా ఇంట్లో దొరకలేదు.